మూడో ప్రశ్న

బుధవారం పొద్దున కంపెనీ బస్సు వచ్చే వేళకు పెంటయ్య మలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. మామూలుగా అతను అక్కడికి రాడు. సత్తెమ్మ ఒక్కతే టిఫిన్ డబ్బా చంకన పెట్టుకొని నడిచిపోతుంది, బస్సెక్కి సుల్తాన్‌పూర్ పోతుంది, పొద్దుగూకే వేళకు మళ్ళీ అక్కడే దిగుతుంది. ఆవేళ అతను కూడా రావలసి వచ్చింది, ఎందుకంటే ఫోను అతనిది. ఇంట్లో ఉన్నది అదొక్కటే. బిడ్డ దీప్తి కొత్తది కొనుక్కొని పాతది ఇచ్చిపోయింది.

ఫోను చేతిలో పట్టుకొని అతను కాలు నిలవకుండా తిరుగుతున్నాడు. రోడ్డు దాకా పోతాడు, మళ్ళీ వస్తాడు. ఎక్కువ నడిస్తే ఆయాసం వస్తుందని తెలుసు. అయినా నిలబడలేకపోతున్నాడు.

సత్తెమ్మ పని చేసేది సిరంజీలు తయారుచేసే ఫ్యాక్టరీలో. ప్యాకింగ్ పని. కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్ళందరికీ కొత్త పద్ధతి వచ్చింది. శనివారం నుంచి గేటు దగ్గర రిజిస్టరు ఉండదు. గోడకు ఒక మిషను పెట్టారు. దాని ముందు నిలబడి పేరు చెప్తే గొంతు గుర్తుపట్టి గేటు తెరుస్తుందట. అంతకుముందు వేలు పెట్టే మిషను ఉండేది. సగం మంది వేళ్ళు అరిగిపోయి అది పనికిరాలేదు. ఇప్పుడు గొంతు. ఆ గొంతును ముందుగా యాప్‌లో ఎక్కించుకోవాలి. శనివారానికి ఎక్కనివాళ్ళ జాగాలో వేరేవాళ్ళను పెట్టుకుంటామని సూపర్‌వైజరు చెప్పిపోయాడు. కోపంగా చెప్పినా ఇంత భయపడేవాళ్ళు కాదు. మామూలు మాటలాగా చెప్పి టీ తాగడానికి పోయాడు.

సత్తెమ్మ జాగా పోతే ఇల్లు నడవదు. జిన్నారం పక్కన మందుల ఫ్యాక్టరీలో ఏండ్ల తరబడి పనిచేసి పెంటయ్య ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. పోయిన సంవత్సరం నుంచి ఇంటి పట్టునే ఉంటున్నాడు. ఉన్న కాస్త భూమి బోరు ఎండిపోయి బీడు పడింది. బియ్యమైనా, అతను పొద్దుమాపు పీల్చే మందైనా ఆమె సంపాదన మీదనే.

యాప్ మొదట వచ్చినప్పుడు అక్షరాలు కొట్టి పేరు ఎక్కించాలన్నారు. ఎవరివల్లా కాలేదు. తరువాత యాప్ చేసిన కంపెనీ నుంచి యామిని అనే అమ్మాయి వచ్చి దాన్ని మార్చింది. ఇప్పుడు ఫోనే తెలుగులో అడుగుతుంది, మనం నోటితో జవాబు చెప్తే చాలు. ఈ సంగతి విని ఆడవాళ్ళంతా సంతోషపడ్డారు. మాట్లాడ్డం ఎవరికి రాదు?

బస్సు ఇంకా రాలేదు. పెంటయ్య ఫోను తెరిచి సత్తెమ్మ మూతి దగ్గర పెట్టాడు. చుట్టూ ఆ బస్సుకు పోయే ఆడవాళ్ళు గుమిగూడారు.

ఫోను అడిగింది, మీ పేరు చెప్పండి అని. సత్తెమ్మ చెప్పింది. ఫోను టింగుమన్నది. మీ ఊరు చెప్పండి అన్నది. చెప్పింది. మళ్ళీ టింగుమన్నది. సత్తెమ్మ ముఖం వెలిగింది.

"మూడో ప్రశ్న. మీ భర్త పేరు చెప్పండి," అన్నది ఫోను.

సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. పెంటయ్య రోడ్డు మీద పోతున్న లారీని చూశాడు. ఫోను ఇంకోసారి అడిగింది, ఈసారి కొంచెం గట్టిగా అడిగినట్టు తోచింది. వెనకాల నిలబడ్డ నిషిత ముందుకు వంగి, "పెంటయ్య," అన్నది.

అది ఆ పిల్ల తప్పు కాదు. నిషిత కొత్తగా పెండ్లయిన పిల్ల, మొగుణ్ణి రాహుల్ రాహుల్ అని బజారంతా వినేట్టు పిలుస్తుంది. పాతవాళ్ళు అట్లా అనరని ఆమెకు తెలుసు. రేషను దుకాణంలోనైనా, దవాఖానలోనైనా, ఓటు వేసేకాడనైనా పెద్దవాళ్ళను ఇంటాయన పేరు అడిగితే పక్కనున్నవాళ్ళు అందుకొని చెప్తారు. ఎవరూ చెప్పమనరు, నోటికి అదే వస్తుంది. అడిగిన అధికారి కూడా పక్కమనిషి దిక్కే చూస్తాడు.

ఫోనుకు ఆ మర్యాద తెలియదు. "రెండు గొంతులు వినిపించాయి. దయచేసి మొదటి నుంచి చెప్పండి," అన్నది.

మొదటి నుంచి చెప్పారు. పేరు, ఊరు, టింగు, టింగు. మూడో ప్రశ్న రాగానే సత్తెమ్మ గొంతు సవరించుకొని, అతన్ని ఎప్పుడూ పిలిచే తీరుగానే, "మా దీప్తి నాయన," అన్నది.

"దీప్తి నాయన గారి పేరు మీ గుర్తింపు కార్డుతో సరిపోలలేదు."

ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. దీప్తి నాయనగారూ, జెర పక్కకు జరుగుండ్రి అని ఒకామె పెంటయ్యను ఆటపట్టించింది. సత్తెమ్మ కూడా నవ్వింది. పెంటయ్యకు నవ్వు రాలేదు. మూడుసార్లు తప్పితే ఆ రోజుకు యాప్ మూసుకుంటుందని అతనికి దీప్తి చెప్పి ఉన్నది. అవతల మలుపులో బస్సు హారన్ వినిపిస్తున్నది. మూడోసారి మొదలుపెట్టారు. పేరు, ఊరు. మూడో ప్రశ్న. సత్తెమ్మ నోరు తెరిచింది, మూసింది. బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు ఇంకోసారి హారన్ కొట్టాడు. పెంటయ్య ఆగలేకపోయాడు. ఫోను తన మూతి దగ్గరికి లాక్కొని, "పెంటయ్య," అని అరిచాడు.

ఫోను ఆ రోజుకు మూసుకున్నది.

సత్తెమ్మ బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చొని, మందు పీల్చుకొమ్మని సైగ చేసింది. బస్సు పోయాక అతను చాలాసేపు ఆ ఫోనును చూస్తూ నిలబడ్డాడు. ఎవరిని తిట్టాలో తెలియలేదు.

ఆ సాయంత్రం ఆమె చెప్పిన సంగతేమిటంటే, ఒక్క తనే కాదు, తన ఈడువాళ్ళు ఎవరూ పేరు ఎక్కించుకోలేకపోయారట. ఒకామె మా ఇంటాయన అన్నదట. ఒకామె మా పెద్దాయన అన్నదట. ఒకామె చెల్లెలితో చెప్పించబోయి మూడుసార్లూ పోగొట్టుకున్నదట. ఒడిశా నుంచీ బీహారు నుంచీ వచ్చిన మొగపిల్లలంతా, వాళ్ళకు మూడో ప్రశ్న తండ్రి పేరు గనుక, హిందీలో చెప్పి, నవ్వుకుంటూ ఎక్కేశారట. యామిని అనే ఆ పిల్ల క్యాంటీనులో కంప్యూటరు ముందేసుకొని కూర్చున్నదట. మూడో ప్రశ్న దగ్గర ఫోన్లు ఆగిపోతున్నాయంటే సిగ్నలు లేదేమోనని, బల్ల కిటికీ దగ్గరికి జరిపించిందట.

"నువ్వన్నా చెప్పకపోయినవా?" అన్నాడు పెంటయ్య.

"ఏమని చెప్పాలె? సిన్నపిల్ల. పెండ్లి గూడ కాలే," అన్నది సత్తెమ్మ.

అన్నం తినకముందే అతను ఆమెను పెరట్లోకి తీసుకుపోయాడు. అక్కడ కోళ్ళు తప్ప ఎవరూ లేరు. ఇక్కడ ఒక్కసారి అని చూడు, నోరు అలవాటైతే రేపు ఫోను ముందు వస్తుంది అన్నాడు. ఆమె సరేనన్నది. నిలబడ్డది. కొంగు సర్దుకున్నది. అతని దిక్కు చూసి తల తిప్పుకున్నది. నువ్వు ఎదురుగ ఉంటే రాదు అన్నది. అతను గోడ అవతలికి పోయి నిలబడ్డాడు.

అక్కడ నిలబడ్డాక పెంటయ్యకు గుండె దడదడ కొట్టుకున్నది. ఆయాసం వేరు, ఇది వేరు. ఊరంతా అతన్ని పేరు పెట్టి పిలుస్తుంది. ఫ్యాక్టరీలో మేనేజరు పిలిచాడు, దవాఖానలో నర్సు పిలిచింది. ఈ ఒక్క మనిషి నోట తన పేరు ఎట్లా ఉంటుందో అతనికి తెలియదు. వినాలని ఉన్నది. వినకపోతేనే బాగుండునని కూడా ఉన్నది. చెవి గోడకు ఆనించాడు. కోడిపెట్ట కొక్కొక్కొమన్నది. సత్తెమ్మ దాన్ని అదిలించింది. తరువాత ఏమీ వినిపించలేదు.

"అన్నవా?" అని గోడ మీదుగా అడిగాడు.

"లే."

అతను తిరిగి వచ్చేసరికి ఆమె రుబ్బురోలు మీద కూర్చొని ఉన్నది. సిగ్గుతో కూర్చున్నట్టు లేదు. కండ్లల్లో నీళ్ళున్నాయి.

"పోయినేడు దవాఖానల నువ్వు గాలికి కొట్టుకుంటుంటే, నేను నీ కాళ్ళకాడ కూసున్న. నా నోటినుంచి ఏ పాపం పోవద్దు దేవుడా అనుకున్న. ఇప్పుడు గోడకున్న డబ్బా కోసం నీ పేరు తియ్యాల్నా?"

మొగుని పేరు తీస్తే అతని ఆయుష్షు తగ్గుతుందని ఆమెకు వాళ్ళమ్మ చెప్పింది. ఆమెకు వాళ్ళమ్మ. పెంటయ్యకు ఆ సంగతి తెలియక కాదు. ఇన్నేండ్లూ దాన్ని సిగ్గనే అనుకుంటూ వచ్చాడు.

"గా ఫ్యాక్టరీ పొగకే పోలేదు. నీ నోటికి పోతనా?" అన్నాడు.

"పోయినంక ఎవల్ని అడగాలె?" అన్నది ఆమె.

అతను కోళ్ళను గంప కిందికి తోలాడు.

గురువారం అదే కథ. బస్సు దగ్గర పెంటయ్య ముందే అందరికీ చెప్పిపెట్టాడు, ఎవరూ నోరు మెదపొద్దని. నిషిత రెండు చేతులతో మూతి మూసుకొని నిలబడ్డది. సత్తెమ్మ ఫోను ముందు నిలబడి కండ్లు గట్టిగా మూసుకున్నది. పెదవులు కదిలాయి. గాలి బయటికి వచ్చింది, మాట రాలేదు. గొంతు వినిపించలేదని ఫోను అన్నది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. యాప్ మూసుకున్నది. సూపర్‌వైజరు అప్పటికే కొత్తవాళ్ళ పేర్లు రాసుకుంటున్నాడని, పోతిరెడ్డిపల్లి దిక్కు నుంచి ఒక ఆటో నిండా ఆడవాళ్ళు వచ్చి అడిగిపోయారని బస్సులో చెప్పుకున్నారు.

ఇక మిగిలింది శుక్రవారం ఒక్కటే.

శుక్రవారం పొద్దున సత్తెమ్మ బస్సెక్కేటప్పుడు పెంటయ్య ఫోను తీయలేదు. ఆమె అడిగింది, చూద్దామా అని. వద్దు, ఉన్న మూడుసార్లూ పొద్దున్నే పోగొట్టుకోవద్దు అన్నాడు. ఏం చేయబోతున్నదీ చెప్పలేదు. చెప్తే ఎండలో తిరగొద్దని ఆపుతుంది. బస్సు పోయాక మందు పీల్చుకొని, తలకు తువ్వాల చుట్టుకొని, షేర్ ఆటో పట్టుకొని సుల్తాన్‌పూర్ పోయాడు.

గేటు దగ్గర బీహారీ వాచ్‌మన్ ఆపాడు. ఎవరు కావాలని హిందీలో అడిగాడు. పెంటయ్య యాప్ మేడం అన్నాడు. ఏం పనో చెప్పమన్నాడు. పెంటయ్య చెప్పలేకపోయాడు. నా పెండ్లాం నా పేరు చెప్పడం లేదు అని తెలుగులో చెప్పడానికే నోరు రావడం లేదు, హిందీలో ఏమని చెప్తాడు? జరూరీ కామ్ అని మాత్రం అన్నాడు. వాచ్‌మన్ అతని ఆయాసం చూసి, ముందు స్టూలు మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. తరువాత లోపలికి ఫోను చేశాడు.

యామిని బయటికి వచ్చింది. సన్నగా, కండ్లకింద నల్లగా, నిద్ర లేనట్టుగా ఉన్నది. చేతిలో తెరిచిన కంప్యూటరు అట్లాగే పట్టుకొని వచ్చింది. గేటు పక్కనున్న రేకుల షెడ్డు కింద నిలబడి, చెప్పండి కాకా అన్నది.

పెంటయ్య కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

"నీ యాప్ల మూడోది తీసెయ్ బిడ్డా."

"ఎందుకు కాకా?"

"చెప్పరు."

ఎవరు చెప్పరు, ఏం చెప్పరు అని ఆమె అడిగింది. కంప్యూటరు అతని దిక్కు తిప్పి చూపించింది. అందులో ఒక గీత మెట్టు మెట్టుగా పోతూ ఒకచోట ధబ్బున కిందపడుతున్నది. ఇక్కడే అందరూ ఆగిపోతున్నారు కాకా, సిగ్నలు చూసిన, మైకు చూసిన, రాత్రంతా ప్రశ్న గొంతు పెంచి, తగ్గించి చూసిన అన్నది. సోమవారం నన్నే తీసేస్తరేమో అని నవ్వబోయింది. నవ్వు సరిగ్గా రాలేదు.

పెంటయ్యకు ఆ గీత అర్థం కాలేదు. ఎక్కడినుంచి మొదలుపెట్టాలో ఆలోచించి అడిగాడు.

"మీ ఇంట్ల పెద్ద మనుషులున్నరా?"

"మా నానమ్మ ఉంది. సంగారెడ్డిల."

"మీ తాత పేరు ఆమె నోట ఎన్నడన్న ఇన్నవా?"

 యామిని కంప్యూటరు మూసి స్టూలు మీద కూర్చున్నది.

వాళ్ళది సంగారెడ్డి బజార్లో కిరాణా దుకాణమట. పైన పెద్ద బోర్డు, సోమేశ్వర్ కిరాణా జనరల్ స్టోర్స్ అని. నానమ్మ ఆదిలక్ష్మి గల్లా దగ్గర కూర్చుంటుందట. ఎవరైనా వచ్చి యజమాని పేరు అడిగితే లేచి, బయటికి వచ్చి, వేలితో బోర్డు చూపిస్తుందట. ఒకసారి బోర్డుకు రంగులేస్తుండగా ఎవరో అడిగితే, ఎల్లుండి రమ్మని చెప్పి పంపిందట. ఇంట్లో అందరూ దాన్ని చెప్పుకొని నవ్వుకుంటారట.

"నవ్వుకున్నంగని యాదికి రాలేదు కాకా," అన్నది యామిని. "ఫోన్ అయితే మనిషి కాదు గద, ఏముంది అనుకున్న."

ఆయుష్షు మాట కూడా చెప్పాలా వద్దా అని పెంటయ్య తటపటాయించాడు. చెప్పాడు. చాలా పొట్టిగా చెప్పాడు. ఆ పిల్ల అతని ఛాతీ దిక్కు చూసింది, అది గబగబా లేచిపడుతున్నది. ఇంక ఏమీ అడగకుండా తన పెద్ద సారుకు ఫోను చేసింది.

సారు పేరు శివకుమార్. ఫోనులోని గొంతు షెడ్డు దాకా వినిపిస్తున్నది. శనివారం ముందు ఏమీ మార్చడానికి లేదన్నాడు. కావాలంటే సోమవారం చూద్దామన్నాడు. సోమవారం అన్న మాట వినగానే పెంటయ్య లేచి షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు నడవడం మొదలుపెట్టాడు. యామిని ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తూ మాట్లాడుతున్నది. ఇద్దరూ నడుమ ఎదురై, పక్కకు తప్పుకొని, మళ్ళీ నడుస్తున్నారు. వాచ్‌మన్ వింతగా చూస్తున్నాడు.

కార్డులో ఉన్న పేరే గద సార్, తెలిసిన సంగతి మళ్ళీ ఎందుకు అడుగుతున్నం అన్నది యామిని. గొంతు పట్టడానికి మూడు జవాబులు కావాలి, రెండిటితో మిషను గుర్తుపట్టదు అన్నాడు సారు. మూడోది వేరే ఏదైనా అడుగుదాం అన్నది. ఏది పడితే అది అడిగితే కాంట్రాక్టరు ఒప్పుకోడు అన్నాడు. కాంట్రాక్టరుకు ఏం కావాలో చెప్పండి అన్నది. సారు కాసేపు కాగితాలు తిరగేసినట్టున్నాడు. ప్రమాదం జరిగితే కబురు చేయడానికి ఒక మనిషి పేరు కావాలట, అది ఇంకా ఎవరిదీ తీసుకోలేదు అన్నాడు.

"అదే అడుగుత సార్. సాయంత్రం షిఫ్టు దిగేలోపల పెడుత. పనిచెయ్యకపోతే నా మీద రాయుండ్రి," అన్నది యామిని.

 సారు గొంతు తగ్గించి ఏమన్నాడో పెంటయ్యకు వినబడలేదు గాని, యామిని నడక ఆపింది.

ప్రశ్నను చదివే మనిషి హైదరాబాదులో ఎక్కడో ఉంటాడట. అంత సమయం లేదని యామిని అట్టపెట్టెలు పేర్చిన గదిలోకి పోయి, తలుపేసుకొని, తన గొంతుతోనే చదివి పెట్టింది. ఇంటికి పో కాకా, ఎండగా ఉంది అని అతనితో అన్నది. అతను పోలేదు. షిఫ్టు దిగేదాకా రేకుల షెడ్డు కిందనే కూర్చున్నాడు. కూర్చున్నాడంటే కూర్చోలేదు. లేవడం, గేటు దాకా పోవడం, గోడకు పెట్టిన మిషనును చూడడం, మళ్ళీ రావడం. మిషను చూడ్డానికి ఏమీ లేదు, పచ్చ లైటున్న డబ్బా.

షిఫ్టు దిగింది. ఆడవాళ్ళు గుంపుగా బయటికి వచ్చారు. షెడ్డు కింద పెంటయ్యను చూసి సత్తెమ్మ ముఖం మాడ్చుకున్నది. గీ ఎండల ఎవలు రమ్మన్నరు నిన్ను, మందు తెచ్చుకున్నవా అని నలుగురిలోనే నిలదీసింది. అతను జేబు తట్టి చూపించి, ఫోను తీశాడు. యామిని అందరినీ ఆపి, ప్రశ్న మార్చినం, ఒక్కసారి చూడుండ్రి అన్నది. ముందు ఎవరు అంటే ఎవరూ రాలేదు. పెంటయ్య ఫోను సత్తెమ్మ మూతి దగ్గర పెట్టాడు.

పేరు. టింగు. ఊరు. టింగు.

"మూడో ప్రశ్న. పనిలో మీకేమన్నా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలె? వాళ్ళ పేరు చెప్పండి." అది యామిని గొంతు.

 ఎంత పిచ్చిపని చేశాను అనుకున్నాడు పెంటయ్య. భర్త అన్న మాట తీసేశారు గాని, ఇది మళ్ళీ అక్కడికే గదా వచ్చింది. ఈమెకు ఏమన్నా అయితే ఎవరికి చెప్తారు? తనకు గాక ఎవరికి? మళ్ళీ తన పేరే కావాలి. మళ్ళీ ఆ నోరు పెగలదు. రేపు శనివారం. పొద్దంతా ఎండలో కూర్చొని ఆ అమ్మాయి నెత్తిన కూడా రాయి వేసినట్టయింది. అతను సత్తెమ్మ ముఖంలోకి చూశాడు.

సత్తెమ్మ తడుముకోలేదు.

"సంగమ్మ," అన్నది.

ఫోను టింగుమన్నది. మీ పేరు నమోదైంది, ధన్యవాదాలు అన్నది. యామిని సంగమ్మ నంబరు అడిగితే సత్తెమ్మ నోటికే చెప్పింది, యామిని దాన్ని ఫోనులో కొట్టింది. ఫోను తెర పచ్చగా మారింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కసారిగా ఊపిరి వదిలారు. తరువాత ఇక వరుస కట్టారు. ఒకామె అక్క పేరు, ఒకామె కోడలి పేరు, ఒకామె ఊరి సర్పంచి పేరు. సర్పంచి వద్దు పెద్దమ్మా, దగ్గరివాళ్ళను చెప్పు అని యామిని నవ్వుతూ మార్పించింది. నిషిత మాత్రం రాహుల్ అనే చెప్పింది. బస్సు హారన్ కొట్టినా ఎవరూ కదలలేదు. యామిని కంప్యూటరు తెరిచి గీతను చూసుకుంటున్నది. పెంటయ్యను పిలిచి, చూడు కాకా, పడతలేదు అన్నది.

అతను చూశాడు. గీత పడడం లేదు. మంచిది బిడ్డా అన్నాడు. సత్తెమ్మ జాగా నిలిచింది. అతని రొమ్ము మీది బండ దిగాలి. దిగలేదు. దాని జాగాలో ఇంకోటి ఎక్కి కూర్చున్నది.

సంగమ్మ వాళ్ళ ఊరామెనే. వరుసకు సత్తెమ్మకు వదినవుతుంది. మలుపు దగ్గర చిన్న కిరాణా కొట్టు నడుపుతుంది. మంచి మనిషి, పెంటయ్య కాదనడు. అయినా మనిషి ఇంట్లో ఉండగా కొట్టు మనిషి ఎందుకు?

డ్రైవరు జాలిపడి పెంటయ్యను కూడా బస్సు ఎక్కనిచ్చాడు. సత్తెమ్మ ఆడవాళ్ళతో కలిసి వెనక కూర్చొని నవ్వుతున్నది. అతను ముందు, ఇంజను పక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా ఆమె నవ్వు వింటూ వచ్చాడు. తనను అదే ప్రశ్న అడిగితే ఆమె పేరు గాక ఇంకో పేరు చెప్పేవాడా? తలలో ఇదే తిరిగింది. మలుపులో దిగి నాలుగడుగులు వేయగానే ఆగాడు.

"నేను లేనా?" అన్నాడు.

ఆమెకు వెంటనే అర్థమయింది. డబ్బా ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నది.

"ఉన్నవనే చెప్పలేదు," అన్నది.

ఉగాది ముందు ఏమైందో యాది చేసింది. తను ఫ్యాక్టరీలో తడిలో జారిపడి మోచెయ్యి కొట్టుకుపోతే వాళ్ళు ఇతనికే ఫోను చేశారు. ఇతను ఆటో కోసం ఆగకుండా రోడ్డు మీద ఉరికాడు. తారు మీద కూలబడ్డాడు. ఎవరో పుణ్యాత్ములు ఎత్తుకుపోయి పటాన్‌చెరు దవాఖానలో పడేశారు. ఆమె చేతికి కట్టు కట్టించుకొని వచ్చి ఇతని మంచం పక్కన కూర్చున్నది.

"నాకు దెబ్బ తాకితే నేను ఓర్చుకుంట. నీకు ఫోన్ జేస్తే ఇద్దర్ని మొయ్యాలె," అన్నది. "వదినకైతే కాలు గట్టిది. నీకు చెప్పొద్దని గూడ అప్పుడే చెప్పిపెట్టిన."

"చెప్పొద్దన్నవా?"

"నేను ఇంటికొచ్చినంక చెప్తది. నడువు, పొయ్యి అంటుపెట్టాలె."

ఆమె ముందు నడిచింది. అతను వెనక నడిచాడు. పేరు ఎందుకు తీయదో, ఫోను ఎందుకు చేయనివ్వదో, రెండింటికీ కారణం ఒకటేనని అతనికి తెలిసింది. తెలిసినా కాలు నిలవలేదు, మనసు నిలవలేదు. అన్నం తింటూ మధ్యలో లేచి, తిరిగి, మళ్ళీ కూర్చున్నాడు.

శనివారం పొద్దున సత్తెమ్మ బస్సెక్కిపోయింది. ఈసారి ఫోను అక్కరలేదు గనుక అతను మలుపుకు రానక్కరలేదు, అయినా వచ్చాడు. బస్సు పోయింది. తిరిగొచ్చే బండ్లలో ఆమె వస్తుందేమోనని చూశాడు. పొద్దు ఎక్కింది. ఆమె రాలేదంటే గేటు తెరుచుకున్నట్టే. ఇక ఇంటికి పోవచ్చు.

పోలేదు. రోడ్డు దాటి సంగమ్మ కొట్టుకు పోయాడు. ముందున్న బెంచీ మీద కూర్చున్నాడు. ఏం కావాలె అన్నా అని సంగమ్మ అడిగింది. ఏం వద్దు అన్నాడు. ఆమె ఫోను ఉప్పు బస్తా మీద పెట్టి ఉన్నది. దాన్ని చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి అది మోగింది. పెంటయ్య దిగ్గున లేచి నిలబడ్డాడు. సంగమ్మ అతన్ని చూసుకుంటూ ఫోనెత్తి, నూనె డబ్బాలు మంగళవారం పంపమని ఎవరికో చెప్పి పెట్టేసింది.

అతను మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు.

"ఇగ రోజూ గిట్లనే కూసుంటవా అన్నా?" అని అడిగింది సంగమ్మ.

పెంటయ్య తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

"కాలు గట్టిగయ్యేదాక," అన్నాడు.